కిటికీ దగ్గర కూర్చునే బల్ల: చెక్క కంటే ముందు గోడ, గ్రిల్

ప్రశ్న: మాది కాకినాడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, సొంత ఫ్లాట్. పడగ్గదిలో తూర్పు వైపు ఐదడుగుల కిటికీ ఉంది. యూపీవీసీ స్లైడింగ్ కిటికీ, వ్యూ పోతుందని గ్రిల్ పెట్టించలేదు. కిటికీ గట్టు నేల నుంచి 33 అంగుళాల ఎత్తు. కిటికీకి ఒక పక్క పిల్లరు, ఇంకో పక్క వార్డ్‌రోబ్, మధ్యలో 6 అడుగుల 2 అంగుళాల చోటు. అక్కడ చెక్కతో విండో సీటు చేసుకోవాలని ఎప్పట్నుంచో నా కోరిక. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుంటే ఆవిడకి పొద్దుపోతుంది. మా బాబుకి ఐదేళ్లు. మావారి దగ్గర డ్రిల్ మెషిన్ ఉంది, ఆదివారాలు మనమే చేసుకుందాం అంటున్నారు. వడ్రంగిని అడిగితే పార్టికల్ బోర్డుతో చవగ్గా చేసేస్తానన్నాడు. ఊళ్లో మా మామగారి పాత ఇంటి టేకు తలుపు రెక్కలు రెండు పశువుల పాకలో పడున్నాయి. నిలువు పలకలు, వెనక అడ్డకమ్ములు, పైన ఆకుపచ్చ పెయింట్. వాటిని వాడుకోవచ్చా? పైన మూత పెట్టాలా, ముందు సొరుగులు పెట్టాలా? కిటికీ కింద గోడకి ఈమధ్య పెయింట్ పొక్కులు లేస్తోంది. బల్ల వస్తే అది కనపడదు కదా అని ఊరుకున్నాం.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరంలో ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. పొక్కులు లేచిన గోడని బల్లతో కప్పొద్దు. ఆ పొక్కుల వెనక తడి ఉంది. బల్ల పెట్టాక ఆ గోడకి గాలి తగలదు, ఎండ తగలదు, మీ కంటికి కనపడదు. చెమ్మ, చీకటి, చెక్క మూడూ ఒకచోట చేరితే చెదలకి అంతకంటే ఏం కావాలి? రెండేళ్లు పోయాక దుప్పట్లు తీద్దామని చెయ్యి పెడితే వెనక పలకంతా మట్టి గూడు కట్టి ఉంటుంది.

మీ కిటికీ తూర్పుకి ఉంది. కాకినాడలో తూర్పంటే సముద్రం. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టినప్పుడు వాన నిలువుగా పడదు, గాలికి అడ్డంగా వచ్చి కిటికీని కొడుతుంది. 1996 నవంబరు తుపాను మీ అత్తగారికి గుర్తుండే ఉంటుంది, తూర్పు గోడలు ఎలా తడిశాయో ఆవిడే చెబుతారు. కాబట్టి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు తేల్చుకోండి. సాధారణంగా మూడు దారులుంటాయి. బయటి గట్టు వాలు బయటికి కాకుండా లోపలికి ఉండటం ఒకటి. యూపీవీసీ ఫ్రేముకీ గోడకీ మధ్య వేసిన సీలెంట్ ఎండిపోయి పగుళ్లివ్వడం రెండోది. మూడోది చాలామంది చూడరు: స్లైడింగ్ కిటికీ కింది పట్టాలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అవి దుమ్ముతో పూడుకుపోతే నీళ్లు నిండి లోపలికి పొర్లుతాయి. ముందు వాటిని పుల్లతో పొడిచి చూడండి, ఖర్చు లేని పని. గట్టు వాలు తప్పుగా ఉంటే మాత్రం మేస్త్రీని పిలవక తప్పదు. గట్టు రాయి బయటికి వాలి ఉండాలి, గోడ దాటి ఒక అంగుళమైనా ముందుకి రావాలి, ఆ ముందుకొచ్చిన భాగం అడుగున సన్నటి గాడి ఉండాలి. ఆ గాడి ఉంటేనే నీటి బొట్టు గోడ మీదకి పాకకుండా కిందకి రాలిపోతుంది.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని కిటికీ కింద గోడకి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. ప్లాస్టిక్ లోపలి వైపు చెమ్మ పడితే అది గోడలోంచి వచ్చిన నీరు. గది వైపు చెమ్మ పడితే అది గాలిలోని తేమ, కంగారు పడక్కర్లేదు. గోడలోంచి తడి వస్తున్నంత కాలం బల్ల పని మొదలుపెట్టొద్దు. ఒక వానాకాలం ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ పాత తలుపులు ఆరడానికి కూడా ఎలాగూ టైం పడుతుంది.

ఇక గ్రిల్. ఈ విషయంలో నేను మొహమాటపడను. మూడో అంతస్తు, ఐదేళ్ల పిల్లాడు, గ్రిల్ లేని కిటికీ. ఇప్పుడు గట్టు 33 అంగుళాల ఎత్తులో ఉంది కాబట్టి బాబు దాని మీదకి పాకడం కష్టం. మీరు 19 అంగుళాల బల్ల వేశారనుకోండి, దాని మీద నిలబడితే గట్టు వాడికి 14 అంగుళాల ఎత్తే. అంటే మోకాలు కాస్త దాటుతుంది, అంతే. మనం చేసేది కూర్చునే బల్లే, కానీ పిల్లాడికి అది మెట్టు. దోమల మెష్ ఉంది కదా అనుకోవద్దు, మెష్ దోమని ఆపుతుంది, పిల్లాడి బరువుని ఆపదు. గ్రిల్ పెట్టించాకే బల్ల. కడ్డీలు నిలువుగా ఉండాలి, మధ్య సందు నాలుగంగుళాలు మించకూడదు. అడ్డకడ్డీలు, పువ్వుల డిజైన్లు వద్దు, పిల్లలు వాటిని నిచ్చెనలా ఎక్కుతారు. సన్నటి నిలువు కడ్డీలకి గోడ రంగుకి దగ్గరగా ఉండే లేత రంగు వేయిస్తే వ్యూ మీరు భయపడినంత పోదు, వారం తిరిగేసరికి కంటికి అలవాటైపోతుంది. గ్రిల్‌ని యూపీవీసీ ఫ్రేముకి కాదు, గోడకి బిగించమనండి. అగ్నిప్రమాదం లాంటిది జరిగితే బయటపడటానికి వీలుగా ఒక భాగం తెరుచుకునేలా పెట్టించి, తాళం చెవి బాబుకి అందని ఎత్తులో, పెద్దవాళ్లందరికీ తెలిసిన చోట ఉంచండి. మీది సముద్రపు గాలి కాబట్టి మామూలు ఇనుమైతే రెడాక్సైడ్ రెండు కోట్లు, పైన పెయింట్ తప్పనిసరి. స్తోమతుంటే స్టెయిన్‌లెస్ స్టీలు మేలు.

ఈ రెండూ అయ్యాయనుకుని ఇప్పుడు బల్ల సంగతి.

మన పాత ఇళ్లలో గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉండేవి. ఆ మందంలోనే కిటికీ గూట్లో ఎక్కి కూర్చునేవాళ్లు, వేరే బల్ల అవసరం ఉండేది కాదు. ఇప్పుడు గోడలు తొమ్మిదంగుళాలో అంతకంటే తక్కువో. అందుకని కూర్చునే చోటంతా గదిలోకే రావాలి. మంచానికీ బల్లకీ మధ్య నడవడానికి రెండున్నర అడుగులు మిగులుతుందో లేదో ముందు కొలవండి. మీ అత్తగారు రాత్రిపూట లేచి నడిచే దారి అది. అంత మిగలకపోతే బల్ల లోతు తగ్గించుకోవాలి తప్ప దారి తగ్గించకూడదు.

ఎత్తు ఎంత ఉండాలని వడ్రంగిని అడిగితే పద్దెనిమిది అంటాడు. మామూలు మనిషికి అది సరైన లెక్కే. కానీ మీ ఇంట్లో అక్కడ ఎక్కువసేపు కూర్చునేది మీ అత్తగారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూర్చోవడం కంటే లేవడం కష్టం, సీటు పల్లంగా ఉన్నకొద్దీ ఆ కష్టం పెరుగుతుంది. ఇంట్లో ఉన్న కుర్చీలు, మంచాలు అన్నిటి మీదా ఆవిణ్ణి కూర్చోబెట్టి లేవమనండి. దేని మీద నుంచి చేతుల ఆసరా లేకుండా లేచి, పాదాలు కూడా నేలకి పూర్తిగా ఆనుతున్నాయో దాని ఎత్తు టేపుతో కొలవండి. ఆ కొలతే మీ బల్ల ఎత్తు. పొట్టి మనిషైతే 17 చాలు, కొంచెం పొడగరి అయితే 19, 20 కూడా కావాలి. బాబు కాళ్లు నేలకి అందకపోతే అందకపోనీండి, వాడు పెరుగుతాడు. నేను ఇక్కడ 19 అనుకుని లెక్క చెబుతాను, మీరు సరిచేసుకోండి. ఈ 19 పరుపుతో కలిపి. మూడంగుళాల ఫోము మీద మనిషి కూర్చుంటే అది రెండంగుళాలకి దిగుతుంది. అంటే చెక్క పని 17 అంగుళాల దగ్గర ఆగాలి. చాలా ఇళ్లలో చెక్కనే 18కి చేసేసి, ఆ తర్వాత పరుపు వేసి, కాళ్లు వేలాడుతున్నాయని బాధపడతారు.

లేవడానికి పట్టు కూడా కావాలి. పిల్లరు వైపు, సీటు మీద నుంచి ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తులో గట్టి చెక్క పిడి ఒకటి బిగించండి. ఆవిడ ఆ కొసనే కూర్చుంటారు.

ఇంకో ఇబ్బంది మీకు ఇప్పుడు తోచదు, కూర్చున్నాకే తెలుస్తుంది. మీ గట్టు మీద గ్రానైట్ రాయి గోడ దాటి లోపలికి అంగుళం ముందుకొచ్చి ఉంటుంది చూడండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆ రాయి అంచు సరిగ్గా నడుం పైన, వెన్ను మధ్యలో గుచ్చుతుంది. రెండు ఉపాయాలున్నాయి. సీటు వెనక భాగం నుంచి గట్టు అంచు దాకా కొద్దిగా ఏటవాలుగా ఒక ఆనుడు పలక పెట్టడం ఒకటి. అసలు వీపు అటు పెట్టకుండా పక్కకి తిరిగి, పిల్లరుకో వార్డ్‌రోబ్‌కో ఆనుకుని కాళ్లు చాపుకోవడం రెండోది. వీధి చూడాలంటే ఎలాగూ పక్కకి తిరగాల్సిందే, వీపు కిటికీకి పెడితే కనపడేది మీ మంచమే. ఆరడుగుల బల్ల మీద ఒక మనిషి కాళ్లు చాపుకుని హాయిగా కూర్చోవచ్చు. అందుకని రెండు కొసల్లోనూ గోడకి ఆనించే దిళ్లు పెట్టుకోండి, మధ్యలో ఆనుడు పలక కూడా పెడితే వచ్చిన చుట్టాలకి పనికొస్తుంది.

లోతు 20 అంగుళాలు చాలు. పడుకోవడానికైతే 24 కావాలంటారు గానీ, ఆనుడు పలక లేకపోతే 24 అంగుళాల సీటు మీద పెద్దవాళ్లకి వీపు ఆనదు. మంచం పక్కనే ఉంది కదా, పడుకోవడానికి అదే ఉంది.

పార్టికల్ బోర్డు వద్దు. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక అది. లామినేషన్ ఉన్నంతవరకూ బాగానే కనపడుతుంది. అంచు దగ్గర ఒక్కసారి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. బందుల స్క్రూలు కొన్నాళ్లకి లూజై ఊడొస్తాయి. రోజూ తడిబట్ట పెట్టే ఇంట్లో, కిటికీ కింద, కాకినాడ గాలిలో దానికి ఆయుష్షు తక్కువ.

మీకు నేను చెప్పేది ఇదీ: లోపలి పెట్టె ప్లైవుడ్‌తో చేయండి, కంటికి కనపడే పైభాగం, ముందు తలుపులు ఆ పాత టేకుతో చేయండి. ప్లైవుడ్ కొనేటప్పుడు దుకాణదారు నోటిమాట కాదు, షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 303, బీడబ్ల్యూఆర్ అని ఉంటే మీ పనికి చాలు, అది తడిని తట్టుకునే రకం. ఎంఆర్ అని ఉంటే అది గాలిలో తేమనే తట్టుకుంటుంది, నీళ్లని కాదు. ఐఎస్ 710 అంటే మెరైన్, ఇంకా గట్టిది, ధర కూడా ఎక్కువే. ముద్రలో సీఎం/ఎల్ తర్వాత ఉండే లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ నంబరు అసలుదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. పడగ్గది కాబట్టి జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువుని తక్కువ వదిలే ఈ0 గానీ ఈ1 గానీ రకం అడగండి.

19 మిల్లీమీటర్ల మందం, ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి సరిపోతుంది, ఎందుకంటే పైభాగం, తలుపులు టేకువి కదా. అడుగు పలక 72 బై 20 అంగుళాలు ఒకటి. నిలువు పలకలు 20 బై పన్నెండుంపావు అంగుళాలవి నాలుగు: రెండు కొసలకి, రెండు మధ్యలోకి. పైన ముందొకటి వెనకొకటి మూడంగుళాల వెడల్పు పట్టీలు, పొడవు 72; నిలువు పలకల పైమూలల్లో గాడి తీసి, వాటి పైఅంచుతో సమంగా కూర్చోవాలి. ఈ ముక్కలన్నీ ప్లైవుడ్ షాపులోనే మెషిన్ మీద కోయించుకోండి, చాలా షాపులవాళ్లు కోసిస్తారు. చేతి రంపంతో ఆరడుగులు నిటారుగా కోయడం అనుభవం ఉన్నవాళ్ల పని. గదిలో 74 అంగుళాలున్నా బల్ల 72కే చేయమనడం కావాలనే. గోడలు చూడ్డానికి నిటారుగా ఉంటాయి గానీ ఉండవు. నేల దగ్గర, సీటు ఎత్తు దగ్గర, గట్టు దగ్గర మూడు చోట్ల కొలవండి, మూడు కొలతలూ ఒకటి రావు. తక్కువ వచ్చినదే మీ లెక్క. ఆఖర్న మిగిలిన సందుకి టేకు బీడింగ్ కొట్టేయొచ్చు.

నిలువు పలకలు రెండేసి అడుగులకి ఒకటి వస్తాయి కాబట్టి మూడు అరలవుతాయి. అంతకంటే దూరం పెడితే పైపలక ఊగుతుంది. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ నేరుగా దింపితే పొరలు విచ్చుకుంటాయి. మూడు మిల్లీమీటర్ల బిట్‌తో ముందు రంధ్రం చేసి, జిగురు రాసి, రెండంగుళాల ఎనిమిదో నంబరు స్క్రూ దింపండి. మూలమట్టం పెట్టి చూసుకుంటూ బిగించండి. జిగురు తడిగా ఉండగానే మూలలు సరిచేసుకోవాలి. స్క్రూలు, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో తీసుకోండి. ఇనుప స్క్రూ చెమ్మకి తుప్పు పట్టడమే కాదు, టేకులో దిగిన చోట నల్లటి మరక వేస్తుంది. ఆ మరక మళ్లీ పోదు.

పెట్టెని నేరుగా నేల మీద పెట్టొద్దు. మూడంగుళాల పీఠం కావాలి. గ్రానైట్ దుకాణాల్లో మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు, నిలువు పలక ఉన్న ప్రతిచోటా దాని కింద వాటిని పేర్చి ఎత్తు తెచ్చుకోండి. తడిబట్ట నీళ్లు చెక్కకి అంటవు, చెదలు రాయి మీద నుంచి పాకితే కంటికి కనపడతాయి. పీఠం ముందు అంచు పెట్టె కంటే మూడంగుళాలు లోపలికి ఉండాలి. లేచేటప్పుడు మనిషి మడమలు వెనక్కి జరుపుకుంటాడు, ఆ చోటు లేకపోతే లేవడం కష్టమవుతుంది. మీ అత్తగారికి ఇది ముఖ్యం. ముందు సందుని గ్రానైట్ పట్టీతోనే మూసేయండి, లేకపోతే బంతులు, పెన్సిళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. రసమట్టం పెట్టి నేల వాలుకి తగ్గట్టు రాళ్లు సరిచేసుకోండి.

వెనక గోడకి పెట్టె ఆనకూడదు. అర అంగుళం వదలండి. టైల్ స్కర్టింగ్ గోడ దాటి ముందుకి ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ ఎలాగూ దానంతట అదే వస్తుంది. వెనక పలక అసలు పెట్టక్కర్లేదు, గాలి ఆడుతుంది, గోడ పరిస్థితి ఎప్పుడైనా టార్చి వేసి చూసుకోవచ్చు. పెట్టె ముందుకి ఒరగకుండా రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకి పట్టించండి. కిటికీ కింద ప్లగ్ పాయింట్ ఉంటే దానికి నిటారుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైర్ల పైపు సాధారణంగా ఆ గీతలోనే ఉంటుంది. ఆ ప్లగ్ పాయింట్‌ని పెట్టె లోపల పూడ్చేయకుండా బయటికి తెప్పించుకోండి.

తలుపుల సంగతికొస్తే, ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. అన్నేళ్లు ఆరిన టేకు మీరు ఇవాళ అడితికి వెళ్లి డబ్బు పెట్టినా దొరకడం కష్టం. పచ్చి కలప కొంటే ఆరేకొద్దీ కుంచించుకుపోయి వంకర్లు తిరుగుతుంది, ఇది ఆ పనంతా ఎప్పుడో పూర్తి చేసుకుని కూర్చుంది. కానీ పాకలోంచి నేరుగా ఫ్లాట్‌కి తెచ్చేయొద్దు. పలకని వేలితో కొట్టి చూడండి, ఖంగున మోగితే బాగున్నట్టు, బొద్దుగా మోగితే లోపల తిన్నట్టు. రంధ్రాల్లోంచి పిండి రాలుతుంటే పురుగు ఇంకా ఉందన్నమాట. అలాంటి పలక పక్కన పెట్టేయండి, మిగతావాటికి మందు పూయించండి. నేలకి ఆనిన కింది కొస పుచ్చి ఉంటే నాలుగంగుళాలు కోసేయాలి. దానివల్ల పొడవు ఆరడుగుల కంటే తగ్గితే కంగారు పడకండి, పలకల్ని అడ్డంగా 20 అంగుళాల ముక్కలుగా కోసి ముందు పట్టీ నుంచి వెనక పట్టీకి పరవచ్చు. అదీ అందంగానే ఉంటుంది.

ఆ ఆకుపచ్చ పెయింట్ విషయంలో మాత్రం జాగ్రత్త. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ముదురు ఆకుపచ్చ, పసుపు రంగుల్లో మరీను. సాండ్‌పేపర్ పెట్టి పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది, నేల మీద ఆడే పిల్లాడి చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. ఐదేళ్ల వయసులో సీసం మెదడు ఎదుగుదలకి హాని చేస్తుంది. అందుకని ఈ పని ఫ్లాట్‌లో అస్సలు వద్దు. ఊళ్లోనే, ఆరుబయట, మాస్క్ పెట్టుకుని, పలకని తడిపి గీకించండి. గీకిన పొట్టు కింద పాత ఫ్లెక్సీ పరిచి పట్టుకుని, మూట కట్టి పారేయాలి. పొయ్యిలో వేయకూడదు, పశువులు తిరిగే చోట పోయకూడదు. వేడిగాలి పెట్టి ఊడదీయడం కూడా వద్దు, పొగ పీలుస్తారు. గీకినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే బాబుని ఎత్తుకోవాలి.

గీకించాక పలకలు విడదీయించి, కడిగి, మధ్యలో రీపరు ముక్కలు పెట్టి నీడలో గాలి తగిలేలా పేర్చండి. రెండు మూడు వారాలు పోనీండి. ఆ తర్వాత అయస్కాంతం తీసుకుని ప్రతి పలక మీదా అంగుళం అంగుళం జరుపుతూ చూడండి. తల విరిగి లోపల దిగిపోయిన మేకులు కంటికి కనపడవు, అయస్కాంతానికి దొరుకుతాయి. ఒక్క మేకు మిగిలినా సామిల్లులో బ్లేడు విరుగుతుంది, మనిషికి దెబ్బ తగలొచ్చు. చిత్రిక పట్టించే పని మాత్రం మీరు పెట్టుకోకుండా వడ్రంగికో సామిల్లుకో ఇచ్చేయండి. చిత్రిక తగిలి పాత బూడిదరంగు పొర లేచి కింద ఆ తేనెరంగు, ఆ నూనె వాసన బయటపడినప్పుడు మీ అత్తగారిని దగ్గరుండి చూడమనండి. ఆవిడ కాపురానికొచ్చిన ఇంటి తలుపులు కదా అవి.

అంగుళం మందానికి దిగిన పలకలు నాలుగు పక్కపక్కన పరిస్తే 20 అంగుళాల లోతు వస్తుంది. ఒకదానికొకటి జిగురు పెట్టి అంటించొద్దు. టేకైనా వానాకాలంలో కాస్త వెడల్పవుతుంది, ఎండల్లో తగ్గుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే దానికి కదలడానికి చోటుంటుంది, పరుపు అడుగున గాలి ఆడి బూజు పట్టదు. స్క్రూలు అడుగు నుంచి, పట్టీల్లోంచి పైకి బిగించండి, పైన ఒక్క తలా కనపడకూడదు. ముందు అంచు పదునుగా వదలకుండా గుండ్రంగా చిత్రిక పట్టించండి, లేకపోతే మోకాలి వెనక నరం నొక్కుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

మూతా, సొరుగా అన్నారు. రెండూ వద్దు, ముందు మామూలు తలుపులు పెట్టండి. మూత పెడితే ఏదైనా తీయాల్సినప్పుడల్లా మీ అత్తగారిని లేపాలి, పరుపు ఎత్తాలి. టేకు మూత బరువు పిల్లాడి వేళ్ల మీద పడితే చాలా ప్రమాదం. పైగా దాగుడుమూతల వయసు, పెట్టెలో దూరి మూత వేసుకునే పిల్లలున్నారు. సొరుగులు సదుపాయమే గానీ ఉప్పుగాలికి మామూలు చానళ్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, పైగా 20 అంగుళాల సొరుగు లాగితే నడిచే దారి మూసుకుపోతుంది. తలుపులకి రెండో రెక్క పలకలు సరిపోతాయి. ప్రతి తలుపుకీ వేలు పట్టేంత రంధ్రం ఒకటి చేస్తే పిడి అక్కర్లేదు, లోపలికి గాలీ పోతుంది. గడియ, తాళం పెట్టొద్దు, అయస్కాంతం క్యాచ్ చాలు.

పాలిష్‌కి అవిసె నూనె చాలు, పల్చగా మూడు కోట్లు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. తూర్పు ఎండ రోజూ నేరుగా పడుతుంది కాబట్టి మెలమైన్ లాంటి గట్టి పూత కొన్నేళ్లకి పొరలుగా లేస్తుంది, దాన్ని గీకి మళ్లీ వేయడం పెద్ద పని. నూనె అయితే ఏటా ఒకసారి గుడ్డతో రాసుకుంటే సరిపోతుంది. ఒక హెచ్చరిక: అవిసె నూనె రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. అవి ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి బయట దండెం మీద ఆరేశాక గానీ, నీళ్లలో ముంచి గానీ పారేయండి.

మీ ఆయన ఆదివారాలు చేయగలిగింది చాలానే ఉంది: పీఠం పేర్చడం, పెట్టె బిగించడం, పలకలు పరవడం, నూనె రాయడం. కోత, చిత్రిక బయట ఇచ్చేస్తే మిగతాది డ్రిల్లు, మూలమట్టం, ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. వడ్రంగిని పూర్తిగా వదిలేయకండి. ముందు తలుపుల బందులు సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒక పూట కూలిచ్చి పిలిపించుకోండి, ఆ పనితనం చూసి నేర్చుకోవడం కూడా మీవారికి బాగుంటుంది.

పరుపు ఆరడుగులది ఒకటే కుట్టించొద్దు, మూడడుగులవి రెండు చేయించండి. డాబా మీదకి ఎండకి మోసుకెళ్లడం తేలిక, కిటికీ తెరిచి మర్చిపోయిన రోజు వాన కొడితే ఒకటే తడుస్తుంది. ఫోము 32 సాంద్రత కంటే తక్కువ తీసుకోకండి, కొద్ది నెలలకే గుంట పడుతుంది. కవరుకి జిప్పు వెనక వైపు ఉండాలి, తీసి ఉతుక్కునేలా. నూలు గుడ్డ కొంటే కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. అలా చేయకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి ఫోముకి పట్టదు.